నెల్లూరులో మూడు రోజులు, నా కాలికి ఒక రాత్రి సిమెంట్ కట్టు

గురువారం

మధ్యాహ్నం ఓపీ ముగించుకుని పొదిలిలో బస్సెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, ఒక నోటుపుస్తకం, ఇంట్లో కట్టిచ్చిన పులిహోర. పాదం, చీలమండ ఆపరేషన్ల మీద నెల్లూరులో మూడు రోజుల శిక్షణ సదస్సు ఉందని రెండు నెలల ముందే తెలిసింది, డబ్బులూ కట్టేశాను. కానీ చిన్న ఊళ్లో ఉన్న ఒక్క సర్జనూ మూడు రోజులు లేకపోతే ఎట్లా అన్న టెన్షన్ బస్సు కదిలేదాకా ఉంది. కదిలాక కొంచెం తగ్గింది.

చీమకుర్తి దాటేటప్పుడు ఎప్పటిలాగే లారీల మీద గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు కనిపించాయి. నల్లరాయిలో చుక్కల్లాంటి ఆ మెరుపు చూసి ప్రపంచమంతా కొనుక్కుంటారు. నాకు మాత్రం ఆ దిమ్మె చూడగానే దాని కింద నలిగిన పాదం గుర్తొస్తుంది. క్వారీలో పనిచేసే కుర్రాళ్లు చాలామంది మామూలు చెప్పులతోనే దిగుతారు. పాదం నలిగి వచ్చిన మనిషిని చూసిన ప్రతిసారీ ఇంకా బాగా చేయగలిగితే బాగుండు అనిపించేది. నెల్లూరు వెళ్లడానికి అదొక కారణం.

అసలు కారణం వేరే ఉంది. ఒంగోలులో సాయంత్రం రైలెక్కి, ఉలవపాడు దాటాక కిటికీ బయట చీకటి పడుతుంటే అదే గుర్తొస్తూ కూర్చున్నాను. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి ఒక గొర్రెల కాపరి పెద్దాయన వచ్చేవాడు. షుగరు, కుడికాలి బొటనవేలి మొదట్లో అరికాలి మీద రూపాయి బిళ్లంత పుండు. నొప్పి లేదు కాబట్టి ఆయనకి దిగులూ లేదు. నేను ఏడు నెలలు కట్టు మార్చాను. మందులు మార్చాను, ఆయింట్‌మెంట్లు మార్చాను. ఆయన కట్టు కట్టించుకుని, పైన కవరు చుట్టుకుని, మళ్లీ గొర్రెల వెనక పోయేవాడు. ఎనిమిదో నెలలో జ్వరంతో, కాలంతా వాచిపోయి వచ్చాడు. మోకాలి కింద తీసేశాను. రెండేళ్లు బతికాడు. ఆ ఏడు నెలల్లో ఆ పాదం మీద పడే బరువుని ఒక్కరోజైనా తీయాలని నాకు తోచలేదు.

బిట్రగుంట దాటాక వాన మొదలైంది. పడుగుపాడు తర్వాత రైలు పెన్న వంతెన మీదికి వచ్చింది, కింద నీళ్ల చప్పుడు వినిపించింది. స్టేషన్ బయట ఆటో అన్న "యాడికి పోవాల సార్?" అని అడగ్గానే నెల్లూరు వచ్చేసినట్టు అనిపించింది. దర్గామిట్టలో గది తీసుకున్నాను.

శుక్రవారం

హాల్లో నలభైమంది దాకా ఉన్నాం. ఆర్థోపెడిక్ వాళ్లు ఎక్కువ, నాలాంటి జనరల్ సర్జన్లు పది మంది, కొందరు ఫిజియోథెరపిస్టులు. మొదటి రోజంతా షుగర్ పాదమే. తిరుపతి నుంచి వచ్చిన సీనియర్ మేడమ్ ఒకరు స్లైడ్లు వేయకుండా ముందు మమ్మల్నందర్నీ బూట్లు, సాక్సులు విప్పమన్నారు. నలభైమంది డాక్టర్లు వట్టి కాళ్లతో కూర్చున్నాక, "మీలో ఎంతమంది ఈ వారం ఓపీలో పేషెంటు చెప్పులు విప్పించి అరికాలు చూశారు?" అని అడిగారు. చేతులు లేచాయి, కానీ తక్కువ. నా చెయ్యి లేవలేదు.

తర్వాత నైలాన్ దారం ఇచ్చారు. పది గ్రాముల మోనోఫిలమెంట్ అంటారు దాన్ని. ఒక పుల్లకి బిగించిన గట్టి దారం, అరికాలికి ఆనించి నొక్కితే సరిగ్గా పది గ్రాముల ఒత్తిడి దగ్గర విల్లులా వంగుతుంది. కళ్లు మూసుకున్న మనిషికి ఆ వంగే ఒత్తిడి తెలియకపోతే, ఆ పాదానికి తనని తాను కాపాడుకునే స్పర్శ పోయినట్టే. దానితోపాటు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి మీద పెట్టి కంపనం తెలుస్తోందా అని అడగాలి, పాదం పైనా, లోపలి చీలమండ వెనకా నాడి చూడాలి. అంతా కలిపి మూడు నిమిషాలు. ఇంకొక ప్రశ్న మేడమ్ చెప్పారు, అది ఏ పుస్తకంలో ఉన్నా లేకపోయినా మా జిల్లాలో పనికొచ్చేది: "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా ఎప్పుడైనా ముందుకెళ్లిపోయారా?" మా గొర్రెల కాపరి ఈ మాట తనంతట తనే నాతో అన్నాడు. ఒక చెప్పు చేనులో ఎక్కడో పోయిందని, ఇంటికొచ్చాక చూసుకున్నానని. నేను నవ్వి ఊరుకున్నాను.

పాల్ బ్రాండ్ గురించి చాలాసేపు మాట్లాడారు. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) వచ్చిన సర్జన్. కుష్ఠువ్యాధిలో వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అందరూ అనుకునే రోజుల్లో, అవి కుళ్లడం లేదు, నొప్పి తెలియక మనిషే వాటిని రోజూ గాయపరుచుకుంటున్నాడని ఆయన చూపించారు. నొప్పి ఒక వరం అని ఆయన ఊరికే చెప్పలేదు, అది లేని వేల పాదాలు చూసి చెప్పారు. షుగర్ పాదానికీ అదే లెక్క. స్పర్శ పోయిన పాదంలో ఒకేచోట రోజూ వేల అడుగుల బరువు పడితే మొదట ఆనె కడుతుంది, ఆనె కింద కణజాలం నలుగుతుంది, లోపల రక్తం గూడుకడుతుంది, తర్వాత పుండు. పైన ఎంత ఖరీదైన మందు రాసినా మర్నాడు దాని మీద మళ్లీ అదే బరువు పడుతుంది. ఈ మాట చదవక కాదు, చదివాను. నా ముందు ఒక మనిషి ఏడు నెలలు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు, అంతే.

చీము పట్టిన పాదం గురించి మాత్రం చాలా గట్టిగా చెప్పారు. రేపు చూద్దాం, షుగర్ తగ్గాక చూద్దాం అనకూడదు, లోపల చీము ఉందంటే ఆ రోజే తెరవాలి. పుండులోకి లోహపు ప్రోబ్ పెడితే టకటకమని ఎముక తగిలిందంటే ఎముక దాకా పట్టిందని అనుమానించాలి. వేలు తీసేముందు రక్తం వస్తోందో లేదో చూడాలి, రానిచోట కోస్తే ఆ గాయం మానదు. ఎర్రగా వాచి, వేడిగా ఉండి, నొప్పి అంతగా లేని పాదాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి పంపకూడదు, అది షార్కో పాదం కావచ్చు. ఫ్రెంచి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1868లోనే నరాలు దెబ్బతిన్న కీళ్లు ఎలా చితికిపోతాయో వర్ణించారు. కాలు పైకెత్తి పది నిమిషాలు ఉంచితే షార్కో ఎరుపు తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ ఎరుపు తగ్గదు. ఇంత సులువైన పరీక్ష నేను పదిహేనేళ్లలో ఒక్కసారీ చేయలేదు.

మధ్యాహ్నం ఒక పేషెంటుకి మా ముందే చేసి చూపించారు. రెండో వేలు కొడవలిలా వంగి, వేలి కొస నేలకి తగిలి తగిలి అక్కడ పుండు. ఆ వేలిని కిందికి వంచి పట్టిన స్నాయువుని, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడుని, వదులు చేయాలి, అంతే పని. మత్తు సూది వేసి, మామూలు లావు సూది ఒకటి తీసుకుని, వేలి కింద గుచ్చి, దాని పదునైన అంచుతో అటూ ఇటూ మెల్లగా తాకారు. టప్ మని చిన్న శబ్దం, వేలు చాచుకుంది. కుట్టు లేదు, రెండు నిమిషాలు. పేషెంటు తల ఎత్తి చూసి "అయిపోయిందా మేడమ్?" అన్నాడు. అలాంటి పుండు ఉన్న వేళ్లని నేను ఎన్ని తీసేశానో.

చివరి గంట టోటల్ కాంటాక్ట్ కాస్ట్, అంటే పాదమంతా అంటిపెట్టుకునేలా వేసే సిమెంట్ కట్టు. ఎవరి కాలికి వేయాలి అంటే నేను లేచాను. తొడుగు వేసి, వేళ్ల మధ్య దూది పెట్టి, చీలమండ ఎముకల మీదా ముంగాలి మీదా మెత్తటి ఫెల్ట్ అతికించి, తడిపిన ప్లాస్టర్ మొదటి పొరని అరికాలి వంపుల్లోకి అరచేత్తో రుద్దుతూ వేశారు. అదే కీలకం, పాదం ఎక్కడా ఖాళీ లేకుండా గోడకి సున్నం పట్టినట్టు పట్టాలి. అప్పుడు ఒకే బిందువు మీద పడే బరువు పాదమంతా, కొంత కాలి పిక్క మీదికి పంచుకుపోతుంది. రక్తం సరిగ్గా రానివాళ్లకి, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకి వేయకూడదు. మిగతావాళ్లలో చాలా పుండ్లు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానతాయి. రుద్దే చేతి వెచ్చదనం, ఆ తర్వాత ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కడం కాలికి తెలుస్తూనే ఉంది.

కోసేయబోతుంటే మేడమ్ ఆపి, "ఒక రాత్రి ఉంచుకుని చూడు బాబూ, నీ పేషెంటుకి ఎనిమిది వారాలు ఉంచుకోమని చెప్పబోతున్నావు కదా" అన్నారు.

సరే అన్నాను. గదికి వెళ్లేసరికి వాన. ఆటో దిగి మూడు మెట్లు ఎక్కడానికి రైలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. కట్టు ఉన్న కాలు పొడుగైపోయి నడుము ఒకవైపు వాలుతుంది, అవతలి కాలికి ఎత్తు చెప్పు ఇవ్వాలని అప్పుడు అర్థమైంది. స్నానానికి కవరు చుట్టి, బకెట్ పక్కన కుర్చీ వేసుకుని, కాలు బయటికి చాపి. రాత్రి పక్కకి తిరగాలంటే ముందు చేతులతో కాలు తిప్పుకోవాలి. రెండింటికి మెలకువొచ్చింది. లోపల పిక్క మీద దురద, గోకడానికి దారి లేదు. ఒక గొర్రెల కాపరికి ఇది వేసి, రెండు నెలలు మందని ఎవరు మేపాలి అని ఆయన అడిగితే ఏం చెప్పేవాణ్ని? ఆ ప్రశ్నకి జవాబు డాక్టరు దగ్గర ఉండి తీరాలి. కొడుకుని పిలిపించి మాట్లాడాలి, పింఛను కాగితం రాయాలి, కట్టుతో పాటు అదీ చేయాలి. ఆ జవాబు నా దగ్గర ఉండి ఉంటే ఆ పెద్దాయన కాలు ఉండేది అని నాకు ఆ గదిలో గట్టిగా అనిపించింది, చాలాసేపు నిద్ర పట్టలేదు.

శనివారం

పొద్దున్నే రంపంతో కట్టు తీశారు. కాలు గాలిలో తేలినట్టుంది.

ఇవాళంతా విరిగిన ఎముకలు. ప్లాస్టిక్ ఎముకల మీద ప్లేట్లు, స్క్రూలు బిగించడం. మా ప్రాంతంలో తాటిచెట్టు మీదనుంచో, కట్టే ఇంటి మీదనుంచో పడి మడమ ఎముక నుజ్జయిపోయి వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ భాగం జాగ్రత్తగా రాసుకున్నాను. మడమ విరిగినవాడికి నడుము ఎక్స్‌రే కూడా తీయాలి, పైనుంచి పడిన ఆ దెబ్బ వెన్నెముకకీ తగిలి ఉండొచ్చు. వాపు మీద కోయకూడదు, చర్మం మీద ముడతలు మళ్లీ కనిపించేదాకా పదిరోజులైనా రెండువారాలైనా ఆగాలి. ఇంతకుముందు పెద్ద ఎల్ ఆకారపు కోతే మార్గం, గాయం అంచు చచ్చిపోవడం దానితో ఉన్న భయం. ఇప్పుడు చీలమండ పక్కన చిన్న కోతతో సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి. నేను బిగించిన స్క్రూ మొదటిసారి లోపలి గట్టి ఎముకని తప్పి బయటికి పొడుచుకొచ్చింది, మూడోసారికి కుదిరింది. పక్కన ఒంగోలు నుంచి వచ్చిన తమ్ముడు మొదటిసారే సరిగ్గా వేశాడు, చెయ్యి మంచిది.

షుగరు ఉన్నవాళ్లకి చీలమండ విరిగితే మామూలు వాళ్లకి ఇచ్చిన గడువు చాలదు, ఇంకా గట్టిగా బిగించి, దాదాపు రెట్టింపు కాలం కాలు మోపకుండా ఉంచాలి అన్నారు. మళ్లీ బరువు దగ్గరికే వచ్చాం.

భోజనంలో చేపల పులుసు, పచ్చిమామిడి వేసిన నెల్లూరు పులుసు, వాసన హాలంతా. కార్తీకం కాబట్టి నేను ముట్టలేదు. పెరుగన్నం, గోంగూర పచ్చడి తిన్నాను.

సాయంత్రం రంగనాయకుల గుడికి వెళ్లి పెన్న ఒడ్డున కాసేపు కూర్చున్నాను. నీళ్లు నిండుగా ఉన్నాయి, ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. అయ్యప్ప మాల వేసుకున్న నల్లబట్టల స్వాములు గుంపుగా వచ్చారు. తడి మెట్ల మీద అన్నీ వట్టి పాదాలు. ఎప్పుడూ గమనించని నేను ఆ రోజు పాదాలే చూశాను. పగిలిన మడమలు, వంకర గోళ్లు, ఒకాయన బొటనవేలికి నల్లగా మారిన గుడ్డ పీలిక. నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా నడుస్తారు. వీళ్లలో షుగరు ఉన్నవాళ్లు ఎందరో, ఎంతమందికి అరికాలు తెలుస్తోందో.

ఆదివారం

పొద్దున వంకర పాదాలతో పుట్టిన పిల్లలు. పొన్‌సేటి పద్ధతి. ఇగ్నాసియో పొన్‌సేటి కూడా 1914లోనే పుట్టారు, స్పెయిన్‌కి చెందిన మినోర్కా దీవిలో, అమెరికాలో అయోవాలో పనిచేశారు. పెద్ద ఆపరేషన్ లేకుండా వారానికొక కట్టుతో పాదాన్ని తిప్పొచ్చని 1963లోనే రాశారు, ముప్పై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు లోకమంతా ఇదే.

కోవూరు నుంచి ఒకమ్మాయి మూడు వారాల బిడ్డని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ట్రైనర్ సార్ బిడ్డకి పాలు పట్టించమని, పాలు తాగుతుండగానే పాదం పట్టుకున్నారు. ఒక బొటనవేలు పాదం బయటివైపు తాలస్ అనే చీలమండ ఎముక తల మీద ఆనించి, రెండో చేత్తో ముందుపాదాన్ని మెల్లగా బయటికి. నొక్కడం కాదు, పట్టుకుని ఉండటం. మొదటి కట్టులో పాదం ఇంకా లోపలికి తిరిగినట్టే కనిపిస్తుంది, అక్కడే చాలామంది భయపడి ఎదురు తిప్పి పాడుచేస్తారట. వేళ్ల నుంచి తొడ దాకా కట్టు, మోకాలు వంచి. ఐదారు కట్లు, తర్వాత మడమ వెనక స్నాయువుని చిన్న గాటుతో వదులు చేసి మూడు వారాలు చివరి కట్టు. తెగిన స్నాయువు మళ్లీ పెరుగుతుంది. ఆ తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు, మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆపైన నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రుళ్లు.

"మా పిలకాయ అందరిలా నడస్తాడా సార్?" అంది ఆ అమ్మాయి. "నడుస్తాడమ్మా, బూట్లు మీరు మానకపోతే" అన్నారు సార్. ఆమె పక్కన నిలబడ్డ అత్తగారు "నేను మాననీను" అంది. ఆ మాట వినగానే సార్ ముఖం తేలికపడింది. పాదం మళ్లీ తిరిగిపోయేది ఎక్కువగా ఇంట్లో బూట్లు మానేయడం వల్లేనని, అత్తగారు ఒప్పుకుంటే సగం గెలిచినట్టేనని తర్వాత మాతో అన్నారు.

మధ్యాహ్నం చివరి గంటలో ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కుట్టే ఆయన వచ్చాడు. వెల్లూరులో కుష్ఠు రోగుల కోసం మొదలైన ఆ మెత్తటి రబ్బరు. బొటనవేలి దగ్గర పట్టీ ఉండకూడదు, వెనక పట్టీ ఉండాలి, మేకులు కొట్టకూడదు, జిగురుతోనూ దారంతోనూ కుట్టాలి. రబ్బరు ముక్క చేతికిచ్చి బొటనవేలితో నొక్కమన్నాడు. సొట్ట పడి మెల్లగా లేచింది. పాదం కొలత తెల్లకాగితం మీద ఎలా గీయాలో నేర్పించాడు. పెన్ను నిలువుగా పట్టాలి, వాల్చితే కొలత తప్పుతుంది, మనిషి కూర్చుని కాదు నిలబడి ఉండాలి. ఒంగోలులో కూడా కుట్టేవాళ్లు ఉన్నారని చెప్పి నంబరు రాసిచ్చాడు. మూడు రోజుల్లో నేను ఎక్కువ రాసుకున్నది ఈ గంటలోనే.

రాత్రి రైలుకి ఒంగోలు, అక్కడ మా బావ ఇంట్లో పడుకున్నాను.

సోమవారం

మొదటి బస్సుకి పొదిలి. కార్తీక సోమవారం కాబట్టి పొద్దున ఓపీ పలచగా ఉంది. మూడో మనిషి నల్లబట్టల్లో, మాలతో, యాభై ఏళ్ల స్వామి, దగ్గు అని వచ్చాడు. పదేళ్లుగా షుగరు బిళ్లలు వాడుతున్నాడు, నాకు తెలిసినాయనే. ఛాతీ చూశాక, "స్వామీ, బల్ల మీద పాదాలు చాపండి" అన్నాను.

"దగ్గుకి పాదాలెందుకు స్వామీ?"

చాపాడు. కళ్లు మూసుకోమని నైలాన్ దారంతో పది చోట్ల నొక్కాను. మూడు చోట్ల ఊ అన్నాడు. ఎడమ మడమ పక్కన నల్లటి చుక్క కనిపించింది, మురికి అనుకుని దూదితో తుడిచాను, పోలేదు. లైటు దగ్గరికి లాక్కుని సన్న పట్టకారుతో పట్టుకుని లాగితే వచ్చింది, చిల్లచెట్టు ముల్లు, గోరంత పొడుగు. వెనకే చుక్కంత చీము. ముల్లుని గాజుగుడ్డ మీద పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. కడిగి, తెరిచి, కట్టు కట్టి, టీటీ వేయించాను. చెప్పుల మాట ఎత్తేసరికి దీక్షలో ఉన్నాను కుదరదు అన్నాడు. బతిమాలలేదు, ఆయన గురుస్వామి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ముల్లు సంగతి చెప్పాను, స్పర్శ లేదని చెప్పాను. అవతల కాసేపు మౌనం, తర్వాత ఆ గురుస్వామి "తోలువి వద్దు స్వామీ, రబ్బరువైతే వేసుకోమనండి" అన్నారు.

తెల్లకాగితం కింద పరిచి ఆయన్ని దాని మీద నిలబెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని పెన్ను నిలువుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీశాను. ఎడమ మడమ దగ్గర ముల్లు దిగిన చోట చిన్న సున్నా చుట్టి, ఇక్కడ ఒత్తకూడదని రాసి, మధ్యాహ్నం ఒంగోలు బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపాను.